చైనా మూలికల కషాయం: పాతది కాబట్టి తాగొచ్చా?

సముద్రగాలి (సింగపూర్):
అమ్మ మోకాళ్ళ నొప్పులకి పక్కింటి చైనీస్ ఆంటీ ఒక మూలికల పొట్లం ఇచ్చింది. మూడు గిన్నెల నీళ్ళు ఒక గిన్నె అయ్యేదాకా మరిగించి తాగాలట. అమ్మ బీపీ మాత్రలు వాడుతోంది. నేను వద్దంటున్నాను, మా ఆవిడ ఆకులూ వేళ్ళే కదా అంటోంది.

మాగాణి:
ఇవ్వండి, ఏం కాదు. రెండు వేల ఏళ్ళ వైద్యం అది. మలేరియాకి ఆర్టెమిసినిన్ అనే మందు వచ్చింది వాళ్ళ చింగ్‌హావో మొక్క నుంచే. మన మాచిపత్రి జాతిదే. దాన్ని కనిపెట్టినందుకే 2015లో చైనా శాస్త్రవేత్త తు యూయూకి నోబెల్ ఇచ్చారు.

కల్వం:
మాగాణి గారూ, ఆ కథలో అసలు సంగతి వదిలేశారు. మరిగించిన చింగ్‌హావో సరిగా పనిచేయలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ దాన్ని నీళ్ళలో నానబెట్టి, పిండి, రసం తాగమని రాశాడు. అది చదివాక వేడికి మందు చెడుతోందేమోనని తు యూయూకి తట్టింది. తక్కువ వేడితో ఈథర్ అనే ద్రావకంలో సారం తీస్తే, 1971లో ఎలుకల మలేరియా తగ్గింది. పాత పుస్తకం దారి చూపింది, నిజమే. కానీ పరీక్షించాకే అది మందయింది.

ఇంకోటి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి ఇచ్చిన మాత్రల్లో హాన్ ఫాంగ్‌జీ అనే మూలిక బదులు గ్వాంగ్ ఫాంగ్‌జీ పడింది. పేర్లు దగ్గర, మొక్కలు వేరు. రెండోదాంట్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది.

మాగాణి:
అది మూలిక మార్చినవాళ్ళ తప్పు. వైద్యాన్ని అంటే ఎలాగండీ?

కల్వం:
సొంత పేరుతోనే అమ్మిన గ్వాన్ ముతోంగ్ అనే మూలికలోనూ అదే ఆమ్లం ఉంది. 2003లో చైనాయే దాన్ని ఆపేసింది. చైనాని తిట్టడానికి చెప్పట్లేదు, మన గాడిదగడపాకుదీ అదే జాతి. అందుకే ఎవరి మూలికైనా ఏ మొక్కో, ఎంత మోతాదో తెలియకుండా అమ్మలకి పోయొద్దంటాను. సముద్రగాలి గారూ, పొట్లంలో ఏమున్నాయి?

సముద్రగాలి:
చీటీ చైనీస్‌లో ఉంది. పసుపుపచ్చ బిళ్ళల్లా కోసిన వేరు ఒకటి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది.

కల్వం:
అతిమధురం కావచ్చు. అదే అయితే, ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. బీపీ మాత్రలు మాత్రం ఆపకండి. ఆ చీటీ రిజిస్టరైన చైనీస్ వైద్యుడికి చూపించి పేర్లు రాయించుకోండి. ఆ పేర్లు బీపీ డాక్టరుకి చూపించండి.

మాగాణి:
బీపీ సంగతి నేను ఆలోచించలేదు. చూపించాకే ఇవ్వండి. వాళ్ళు సరేనంటే మాత్రం మానొద్దు, నొప్పితో ఆవిడని అలా ఉంచకండి.

సముద్రగాలి:
పొట్లం కట్టేసి పైన పెట్టాను. రేపు సాయంత్రం అమ్మని తీసుకెళ్తున్నాను, ఆంటీ కూడా వస్తానంది.