అప్‌డేట్: సిరిలిక్, గ్రీక్ అక్షరాల జాబితా తేలింది

అడిగినది ఇదీ: లాటిన్ (ఇంగ్లిష్ రాసే లిపి) ఫాంట్‌కు సిరిలిక్ (రష్యన్ వంటి భాషల లిపి), గ్రీక్ చేర్చాలంటే కనీసం ఏయే అక్షరాలు గీయాలి?

రష్యన్‌కు పెద్దవీ చిన్నవీ కలిపి 66 చాలు. అక్కడే ఆగితే మాత్రం ఉక్రేనియన్‌కు ఫాంట్ పనికిరాదు. అందుకే యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రమాణం, కోడ్‌లు 16 ఆధారంగా లెక్కించే అంకెల్లో ఉంటాయి) 0400 నుంచి 045ఎఫ్ దాకా 96, పైన 0490, 0491 కలిపి మొత్తం 98. బెలారూసియన్, బల్గేరియన్, సెర్బియన్, మాసిడోనియన్ కూడా ఇందులోనే వచ్చేస్తాయి. 0490, 0491 ఉక్రేనియన్ 'గ' జత, అంటే దాని పెద్ద, చిన్న రూపాలు. వరుసకు దూరంగా ఉంటాయి కాబట్టి తేలిగ్గా మరిచిపోతారు. కజక్‌కు ఇంకో 8 జతలు కావాలి. అవి రెండో విడతలో.

అసలు చిక్కు ఇటాలిక్‌లో (వాలు అక్షరాల్లో) ఉంది. సెర్బియన్ ఇటాలిక్‌లో గ, ద, ప, త ధ్వనుల చిన్న అక్షరాల రూపం రష్యన్‌ది కాదు, కోడ్ మాత్రం ఒకటే. వేరే గ్లిఫ్‌లు (తెరపై కనిపించే అక్షర రూపాలు) గీసి, ఓపెన్‌టైప్ అనే ఫాంట్ ఫార్మాట్‌లోని 'ఎల్ఓసీఎల్' ఫీచర్‌తో భాషను బట్టి మార్చాలి. పాఠానికి భాష ట్యాగ్ (అది ఏ భాషో చెప్పే గుర్తు) లేకపోతే రష్యన్ రూపమే కనిపిస్తుంది. అది ఫాంట్ తప్పు కాదు.

గ్రీక్‌లో ఆధునిక పద్ధతి, అంటే 1982 నుంచి అమల్లో ఉన్న ఒకే స్వరచిహ్నం పద్ధతి, తీసుకుంటే 69 అక్షరాలు. పదం చివర వచ్చే సిగ్మా ఈ లెక్కలోదే. ప్రాచీన గ్రంథాల కోసం యూనికోడ్‌లో 1ఎఫ్00 నుంచి మొదలయ్యే బ్లాకు వేస్తే ఇంకో 233, ఇప్పటికి వద్దు. మైక్రో గుర్తు 00బి5, గ్రీక్ మ్యూ 03బిసి వేర్వేరు కోడ్‌లు, రెండూ ఉండాలి. గ్రీక్ ప్రశ్నార్థకం 037ఇ కూడా సెమీకోలన్ గ్లిఫ్‌నే చూపిస్తే సరిపోతుంది.