సోనోమా వైనరీలో పుస్తక పఠనం: మద్యం ముట్టని అమ్మను తీసుకువెళ్ళవచ్చా?

ప్రశ్న: ఫ్రీమాంట్ పాఠకురాలు

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో సోనోమా లోయలోని గ్లెన్ ఎలెన్ దగ్గర ఒక వైనరీలో, అంటే వైన్ తయారుచేసే చోట, అక్టోబరు మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు, మా అమ్మకు ఎంతో ఇష్టమైన రచయిత్రి ఒకరు తన కొత్త నవలలోని భాగాలను చదివి వినిపించబోతున్నారు. అమ్మ తెనాలిలో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ రచయిత్రి పాత నవల ఒకటి, ఖాకీ అట్ట వేసి అంచుల నిండా పెన్సిలుతో రాసుకున్న ప్రతిని, చీరల మధ్య పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నారు. ఇంత ఇష్టం ఉండి కూడా, వైనరీ అనగానే వెనకడుగు వేశారు. "తాగేవాళ్ళ మధ్య నేనేం కూర్చుంటానే, వాళ్ళకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది" అంటున్నారు.

టికెట్టు ధరలో ఒక గ్లాసు వైన్ కూడా కలిసి ఉంది. మా ఇద్దరికీ అలవాటు లేదు. అక్కడికి వెళ్ళి ఏమీ తాగకుండా కూర్చోవడం మర్యాద తప్పినట్టవుతుందా? ఇంటి నుంచి 70 మైళ్లకు పైగా ప్రయాణం కాబట్టి, చీకటి పడ్డాక తిరిగి రావడం గురించి కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: ప్లెజంటన్ నుంచి

అమ్మగారిని నిస్సందేహంగా తీసుకువెళ్ళండి. ఇలాంటి సభలకు నేను చాలాసార్లు వెళ్ళాను, నేనూ తాగను. తలుపు దగ్గరే "మాకు వైన్ వద్దండీ" అని ఒక్క మాట చెబితే మంచినీళ్ళో ద్రాక్షరసమో ఇస్తారు, కారణం అడగరు. వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవారు కూడా మింగకుండా పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తుంటారు కనుక, ఆ గదిలో గ్లాసు ఖాళీ చేయకపోవడం ఎవరికీ తప్పుగా కనిపించదు.

మన పుస్తకావిష్కరణ సభల్లో అధ్యక్షులవారు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు మాట్లాడి, చివరికి రచయిత చేతికి మైకు వచ్చేసరికి సగంమంది లేచిపోతారు. ఇక్కడ పరిచయం రెండు నిమిషాల్లో ముగుస్తుంది, ఆ తర్వాత రచయితే చదువుతారు. రాసిన మనిషి తన వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ మాట దగ్గర గొంతు తగ్గిస్తారో వినడం కోసమే మనం అంత దూరం వెళ్ళేది. తర్వాత ప్రశ్నలు, ఆపైన సంతకాలు ఉంటాయి.

మీరు ముందుగా కనుక్కోవలసింది వైన్ గురించి కాదు, గది గురించి. సభ ఆరుబయటా, వైన్ రుచి చూపించే టేస్టింగ్ రూములోనా, వైన్ నిలవ ఉంచే పీపాల గదిలోనా? పీపాల గదిని ఏడాది పొడవునా 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు. బయట ఎండ కాస్తున్నా లోపల గంటసేపు కదలకుండా కూర్చుంటే పెద్దవారికి మోకాళ్ళు పట్టేస్తాయి. శాలువా, మేజోళ్ళు తప్పనిసరిగా పెట్టుకోండి. అలాంటి గదుల్లో నేల సిమెంటు, కప్పు ఎత్తు, అందుకని మాట గింగురుమంటుంది. ఒకసారి ఆలస్యంగా వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నందుకు, నేను ఎంతో ఆశపడి వెళ్ళిన కవి చదివిన దానిలో సగం నా చెవిన పడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అరగంట ముందే వెళ్ళి అమ్మగారిని రెండో వరుసలోపల కూర్చోబెట్టండి.

ఇంకొక చిన్న విషయం. వైన్‌ను నాలుక కంటే ముందు ముక్కుతో చూస్తారు కాబట్టి అలాంటి చోటుకు సెంటు పూసుకుని వెళ్ళరు. మల్లెపూలు, అత్తరు ఆ ఒక్క పూటకు వద్దని అమ్మగారికి చెప్పండి.

పాత ప్రతి మీద సంతకం పెడతారా, అక్కడ కొన్న ప్రతి మీదనేనా అన్నది నిర్వాహకులను ముందే అడగండి. అమ్మగారి పేరు చిన్న కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో విడివిడిగా రాసి పేజీలో పెట్టండి, మన పేర్లు విని రాసుకోవడం వారికి కష్టం.

సమాధానం: నాపాలో సెల్లార్ పని చేస్తున్నాను

పై సమాధానానికి కొంత చేర్చుతున్నాను. అక్టోబరు మొదటి వారం అంటే కోతలు ఇంకా సాగుతుంటాయి. తోటల మధ్య ఇరుకు రోడ్ల మీద ద్రాక్ష బిన్ల ట్రక్కులు నెమ్మదిగా వెళుతుంటాయి, కాబట్టి ఓపికగా బయలుదేరండి. పులుస్తున్న ద్రాక్ష వాసన ఆవరణలోనే సోకుతుంది, కొత్తవారికి అది కొంచెం పులిసిన ఇడ్లీపిండిలా తోస్తుంది. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మార్చేటప్పుడు ఊపిరాడనివ్వని బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, అందుకే పులియబెట్టే తొట్ల వైపు అతిథులను ఒంటరిగా వెళ్ళనివ్వరు.

మీ అమ్మగారు శాకాహారి అయితే చీజ్ పళ్ళెం గురించి అడగండి. కొన్ని చీజ్‌లలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. తాగేవారి కోసం కూడా ఒక మాట: వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, కొందరు చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం, కొందరు బెంటొనైట్ అనే బంకమన్ను వాడతారు.

టికెట్టుతో వచ్చే గ్లాసు వద్దనుకుని, దాని బదులు సీసా కొని ఎవరికైనా కానుకగా తీసుకువెళ్ళినా మూత తెరవనివ్వకండి. మూత తీసిన సీసా కారులో మనుషులు కూర్చునే చోట ఉండటం కాలిఫోర్నియాలో నేరం. మూత తీసినదైతే డిక్కీలోనే ఉండాలి.

దారి విషయానికొస్తే, 580 హైవే మీద రిచ్‌మండ్–శాన్ రఫాయెల్ వంతెన దాటి, 101 ఎక్కి, 37 మీదుగా 121కి చేరి, ఆర్నాల్డ్ డ్రైవ్ పట్టుకుంటే గ్లెన్ ఎలెన్ వస్తుంది. వంతెన సుంకం వెళ్ళేటప్పుడే, వచ్చేటప్పుడు ఉండదు. తిరుగు దారిలో ఫోన్ మిమ్మల్ని 37 మీద వలేహో వైపు పంపాలని చూడవచ్చు. అక్కడ రోడ్డు ఒక్క వరుసకు తగ్గిపోయి సాయంత్రాలు కార్లు బారులు తీరతాయి, కనుక వచ్చిన దారినే వెళ్ళండి. సియర్స్ పాయింట్ దగ్గర రేసుల మైదానం ఉంది, ఆ రోజు పోటీలున్నాయేమో కూడా చూసుకోండి.

సమాధానం: సాంటా రోసా వాసి

పొద్దున్నే బయలుదేరగలిగితే గ్లెన్ ఎలెన్‌లోనే ఉన్న, అమెరికన్ నవలా రచయిత జాక్ లండన్ పేరిటి పార్కు అమ్మగారికి చూపించండి. ఆయన ఎంతో ఖర్చుతో కట్టించుకున్న ఇల్లు 1913లో, కాపురం పెట్టకముందే కాలిపోయింది. రాతి గోడలు అడవిలో అలాగే నిలిచి ఉన్నాయి. 1916లో పోయిన ఆయన సమాధి కూడా అక్కడే, ఒక పెద్ద రాయి కింద ఉంది. ఇంగ్లీషు పాఠాలు చెప్పినవారు ఆ చెట్ల కింద కొంతసేపు నిలబడాలని నాకు ఉంది.

వైనరీకి, సాహిత్యానికి పొత్తేమిటని అమ్మగారు అనుకుంటే, 'ట్రెజర్ ఐలండ్' రాసిన స్టీవెన్‌సన్ 1880లో నాపా లోయకు వచ్చి ష్రామ్స్‌బర్గ్ వైనరీ చూసి దాని గురించి రాశారని చెప్పండి. మన లాక్షణికులు మాత్రం? నోట్లో వేసుకోగానే రసం తెలిసే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు కదా.

ఫ్రీమాంట్ పాఠకురాలు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నిర్వాహకులకు ఫోన్ చేశాను. సభ పీపాల గదిలోనేనట. ఒక పాత ప్రతి మీద కూడా సంతకం పెడతారట, మాకు కుర్చీలు ముందు వరుసలో ఉంచుతామన్నారు. మీ సమాధానాలన్నీ అమ్మకు చదివి వినిపించాను. ద్రాక్షాపాకం దగ్గర ఆపమని, "ఈవిడ రాసేది నారికేళపాకమే, పగలగొడితే గానీ నీళ్ళు దొరకవు" అన్నారు. మధ్యాహ్నం పెట్టె తెరిచి ఊలు శాలువా తీసి బాల్కనీలో ఎండకు వేశారు. ఇప్పుడు ఆ ఖాకీ అట్ట పుస్తకం ముందు పెట్టుకుని, రచయిత్రిని అడగవలసిన ఒక్క ప్రశ్నను మూడోసారి కొట్టివేసి రాస్తున్నారు.