కంప్యూటర్ పీరియడ్‌లో ముందుగా ఏది నేర్పాలి?

ప్రశ్న:
ఎనిమిదో తరగతికి వారానికి ఒక్క పీరియడే కేటాయించారు. కోడింగ్‌తో మొదలుపెట్టాలా, లేక సమాచారంలోని నిజానిజాలు తేల్చుకోవడం ముందు నేర్పాలా? అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సమాధానం 1:
నిజానిజాలు తేల్చుకోవడమే ముందు అని నా అభిప్రాయం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక, పొందికైన వాక్యాలలో తప్పుడు సమాధానం దొరకడం మరీ సులువైపోయింది. ఒక పేజీని పైనుంచి కిందికి చదివి నమ్మేయకుండా, మరో ట్యాబ్ తెరిచి, ఆ పేజీని నడిపేది ఎవరు, అదే విషయం గురించి ఇతరులు ఏమంటున్నారు అని చూడడం నిజనిర్ధారణ చేసేవారి పద్ధతి. పిల్లలు దీన్ని త్వరగానే పట్టుకుంటారు.

సమాధానం 2:
పై వారితో ఏకీభవిస్తూనే, కోడింగ్‌ను పూర్తిగా పక్కన పెట్టవద్దని మనవి. 2007లో విడుదలైన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషలో ఆదేశాలు దిమ్మెల రూపంలో ఉంటాయి కాబట్టి అక్షరదోషాల బెడద ఉండదు. తెరమీది బొమ్మ గోడను తాకినా ఆగకుండా సాగిపోతే, ఏ షరతు తప్పిందో పిల్లలే వెతుక్కుంటారు (టీచరు నోరు మెదపకుండా ఉండగలిగితే!).

సమాధానం 3:
ఏది నేర్పినా జట్లుగా చేయించండి. వివిధ దేశాల పదిహేనేళ్ల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్ష 2015లోనే కలిసి సమస్యలు పరిష్కరించే సామర్థ్యాన్ని కొలిచింది. అయితే జట్టంతటికీ ఒకే మార్కు వేస్తే పనంతా ఒకరిద్దరి నెత్తిన పడుతుంది. ఎవరి భాగాన్ని వారినే వివరించమనండి.