మూసీ నీళ్లు చివరికి సముద్రంలో ఎక్కడ కలుస్తాయో పాపకి చూపించాలి. హంసలదీవి వైపు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నాగోల్ అమ్మ:
మేముండేది నాగోల్‌లో. పాపని స్కూల్లో దింపడానికి రోజూ మూసీ వంతెన దాటాలి. మూడో తరగతి. మొన్న వానలకి నది నిండుగా పోతుంటే, స్కూటీ వెనక కూర్చుని "అమ్మా, ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయి?" అనడిగింది. వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయని చెప్పాను. "ఆ తర్వాత?" అంది. సముద్రంలోకి అన్నాను. "సముద్రంలో ఎక్కడ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి మ్యాప్ చూస్తే హంసలదీవి, నాగాయలంక, ఎదురుమొండి అనే పేర్లు కనిపించాయి. సంక్రాంతి సెలవుల్లో తీసుకెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, పాప. రిసార్టులు అక్కర్లేదు. అక్కడ చూడటానికి ఏముంటుంది? చిన్నపిల్లతో వెళ్లొచ్చా? దయచేసి వెళ్లినవాళ్లు చెప్పండి.

వీకెండ్ డ్రైవ్:
సూర్యలంక వెళ్లండి మేడమ్. బాపట్ల పక్కనే, రూములు దొరుకుతాయి, బీచ్ బాగుంటుంది. హంసలదీవి అంటే ఒక గుడి, ఇసుక, అంతే. మేం పోయి గంటలో తిరిగొచ్చేశాం. అక్కడ ఏమీ ఉండదు.

దివిసీమ వాసి, వనస్థలిపురం:
అమ్మా, మాది కోడూరు దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా వనస్థలిపురంలో ఉంటున్నాను. పైన తమ్ముడు "ఏమీ ఉండదు" అన్నాడు. హోటళ్లు, దుకాణాలు లెక్కేస్తే నిజమే. కానీ ఆ మాట విని మీరు ఆగిపోతారేమోనని నా బాధ. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు పాప ప్రశ్న. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. వాడపల్లి నాగార్జునసాగర్‌కి దిగువన ఉంది కాబట్టి మన నీళ్లకి సాగర్ అడ్డం రాదు. పులిచింతల దాటాలి, ఆ తర్వాత విజయవాడలో ప్రకాశం బ్యారేజీ. అక్కడ చాలా నీళ్లు కాలవలకి మళ్లిపోతాయి. వరదొచ్చి గేట్లెత్తితేనే నది నిండుగా కిందికి దిగుతుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలుతుంది. ఒక పాయ హంసలదీవి వైపు పోతుంది. పెద్ద పాయ నాగాయలంక దాటి మళ్లీ చీలి, దీవుల మధ్య నుంచి సముద్రంలో పడుతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. నది సముద్రంలో కలిసే చోటుని మా వైపు మొగ అంటారు. ఏటిమొగ అని ఏకంగా ఊరే ఉంది. చిన్నప్పుడు అక్కడే పంటు ఎక్కి ఎదురుమొండిలో మా పెద్దమ్మ వాళ్లింటికి పోయేవాళ్లం.

తమ్ముడు గంటలో వచ్చేశానన్నాడు. అక్కడ గంటలో ఏమీ కనబడదు, నిజంగానే. చూడాల్సింది పోటూ పాటూ. సముద్రం పొంగి నీళ్లు ఏట్లోకి ఎక్కడం పోటు, తిరిగి దిగిపోవడం పాటు. ఒక్కోటి సుమారు ఆరు గంటలు. రోజుకి రెండుసార్లు పోటు, మర్నాడు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకి, పౌర్ణమికి ఎక్కువ, అష్టమికి తక్కువ. మా నాన్న గడియారం చూసి వల వేయడం నేనెప్పుడూ చూడలేదు, తిథి చూసి వేసేవాడు.

పాపకి ఒక పని చెప్పండి. పోటు మొదలయ్యే వేళకి ఏటి గట్టు మీద నిలబడి ఒక ఆకు నీళ్లలో వెయ్యమనండి. ఆకు సముద్రం వైపు కాదు, ఊరి వైపు పోతుంది. నది వెనక్కి పారుతుందన్నమాట. హైదరాబాదులో పెరిగిన మా అబ్బాయికి ఇది నేను వంద మాటల్లో చెప్పినా ఎక్కలేదు. ఆకు పోవడం చూసి మాత్రం కాసేపు నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

తర్వాత పాటు కోసం కూర్చోండి. నీళ్లు దిగేకొద్దీ బురద బయటపడుతుంది, బురదంతా చిటచిటమని చప్పుడు. అప్పుడు ఆ ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల కాళ్ల దగ్గర చూడండి. నేలలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వందలకొద్దీ వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఉండదు. అందుకే చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. తెల్లమడ ఆకు ఒకటి తిప్పి అడుగున వేలితో రాసి నాలిక మీద పెట్టుకోమనండి, ఉప్పగా ఉంటుంది. పీల్చుకున్న ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి పంపేస్తుంది. ఎండ బాగా కాసిన రోజు ఆకు మీద ఉప్పు పలుకులు కంటికే కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త: తిల్ల చెట్టు జోలికి పోనివ్వకండి. దాని పాలు కళ్లలో పడితే చాలా ప్రమాదం.

బురద మీద చిన్న పీతలుంటాయి. మగపీతకి ఒక డెక్క ఒళ్లంత పెద్దగా ఉంటుంది, దాన్ని ఎత్తి ఊపుతూ ఆడపీతని పిలుస్తుంది. వందల పీతలు ఒకేసారి ఊపుతుంటే చూడాలి. మీరు కదిలారా, అన్నీ కన్నాల్లోకి దూరిపోతాయి. కదలకుండా మూడు నిమిషాలు ఉంటే ఒక్కొక్కటే మళ్లీ బయటికొస్తాయి. వాటి మధ్యే బురద మీద గెంతే చేపలుంటాయి, కళ్లు నెత్తి మీద పెట్టుకుని.

ఇక బావురు పిల్లి. నీటి పిల్లి అని కూడా అంటారు. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటి మీద మచ్చలు, పొట్టి తోక. నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి. పగలు కనిపించదు, నేనే జీవితంలో రెండుసార్లు చూశాను. ఒకసారి పదేళ్లప్పుడు, నాన్నతో తెల్లవారుజామున వల తీయడానికి పోతుంటే కాలవ గట్టున గొంతుక్కూర్చుని నీళ్లలోకి చూస్తోంది. మా టార్చి వెలుగు పడినా తల తిప్పలేదు. పంజాతో ఒక్క దెబ్బ, నోట్లో చేప, మడలోకి మాయం. మా ఊళ్లో కొందరు పులిపిల్ల అనుకుని భయపడి వెంటపడేవాళ్లు. పాపం, అది మనిషి జోలికి రాదు. పొద్దున్నే బురద మీద గుండ్రటి అడుగులు కనిపిస్తే రాత్రి అది తిరిగిందని లెక్క. పాపకి ఆ అడుగులు దొరికినా అదృష్టమే.

ఈ అడవంతా కృష్ణా అభయారణ్యం, 1989లో ప్రకటించారు, సుమారు 194 చదరపు కిలోమీటర్లు. బయటివాళ్లకి కాకినాడ దగ్గరి కోరింగ మడ తెలుసుగానీ ఇది తెలీదు. మా చిన్నప్పుడు మడ ఉన్న చాలా చోట్ల ఇప్పుడు రొయ్యల చెరువులున్నాయి. పైనుంచి మంచినీళ్లు తగ్గేకొద్దీ ఏట్లో ఉప్పు ఎక్కువవుతోంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప ఎలా కొట్టుకుపోయాయో కళ్లారా చూసినవాణ్ని. ఉప్పెనకి కాస్తయినా అడ్డు నిలిచేది మడే. అందుకే మడ చెట్టు నరికినచోటు చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

వెళ్లే దారి: రాత్రి బస్సుకి విజయవాడ, అక్కణ్ణించి అవనిగడ్డ. రాత్రి అవనిగడ్డలోనే ఉండండి. పొద్దున్నే కోడూరు మీదుగా హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని పాలకాయతిప్ప బీచ్‌కి పోండి. కాకి ఇక్కడ మునిగి హంసగా మారిందని మా ఊళ్లో చెప్పుకుంటారు, ఊరికి ఆ పేరు అలా వచ్చిందంటారు. పాప వింటుంది, చెప్పండి. సంగమం దగ్గర స్నానానికి మాత్రం దిగొద్దు, సుళ్లుంటాయి. మడలోకి పడవలో పోవాలంటే నాగాయలంకలో అటవీ శాఖవాళ్లని అడిగి, అనుమతి తీసుకునే పోండి. మాఘ పౌర్ణమికి మాత్రం వెళ్లకండి, ఆ రోజు జనమే జనం.

అమీన్‌పూర్ పిట్టలు:
పెద్దాయన అంతా చెప్పారు, పక్షుల ముక్క నేను కలుపుతాను. సంక్రాంతికి వెళ్తున్నారంటే మంచి టైమ్. చలికాలం గడపడానికి ఉత్తర దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు ఆ బురద నేలల్లో గుంపులుగా ఉంటాయి. పాపని ముక్కులు గమనించమనండి. పొట్టి ముక్కువి పైపైన ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోతుగా పొడుస్తాయి. ఒక పెద్ద పిట్ట ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది, పీత కన్నంలోకి ఆ ముక్కు సరిగ్గా దిగుతుంది. ఒకే బురదలో అన్నీ తింటాయి, దేని లోతు దానిదే. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కూడా చూడొచ్చు.

వెళ్లేముందు ఒక ఆదివారం అమీన్‌పూర్ చెరువుకి తీసుకురండి, బైనాక్యులర్స్ పట్టుకోవడం అలవాటవుతుంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించిన చెరువు అది. పాప మరీ చిన్నది, బురదంటే టెన్షన్ అనుకుంటే కాకినాడ దగ్గర కోరింగలో మడ మధ్య చెక్కబాట ఉంది, నడవడం సులువు. కానీ మీ ప్రశ్న మూసీ గురించి కాబట్టి హంసలదీవికే నా ఓటు.

నాగోల్ అమ్మ:
ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. పాపకి చదివి వినిపించాను, బావురు పిల్లి ముక్క మూడుసార్లు చదివించుకుంది. బాబాయ్ గారూ, రెండు సందేహాలు. తిల్ల చెట్టుని ఎలా గుర్తుపట్టాలి? జనవరిలో సముద్రపు తాబేళ్లు కనిపిస్తాయా?

దివిసీమ వాసి, వనస్థలిపురం:
తిల్ల ఆకులు రాలేముందు ఎర్రగా పండుతాయి. పచ్చటి చెట్టు మధ్యలో అక్కడక్కడ ఎర్రాకులు కనిపిస్తే దూరంగా ఉండండి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి, కానీ తుంచి చూడొద్దు.

తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. ఒక్కోటి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద ఒళ్లంతా అదుముతూ చదును చేసి వెళ్లిపోతుంది. తల్లిని చూడటం కష్టమే. తెల్లవారి ఒడ్డు వెంట నడిస్తే నీళ్లలోంచి పైకి, పైనుంచి నీళ్లలోకి ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ కనిపించొచ్చు. దాన్ని తొక్కకండి, రాత్రి టార్చి వెయ్యకండి. గుడ్లలోంచి పిల్లలు బయటికి రావడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. కుక్కలు, నక్కలు తవ్వేయకుండా అటవీ శాఖవాళ్లు గుడ్లని కంచె లోపలికి చేర్చి కాపాడతారు. ఊళ్లలో జాలర్లు, యానాదులు వాళ్లకి తోడుంటారు.

నాగోల్ అమ్మ:
నిన్ననే తిరిగొచ్చాం. బావురు పిల్లి కనబడలేదు. కానీ పాలకాయతిప్ప దారిలో ఒక కాలవ గట్టున నాలుగు గుండ్రటి అడుగులు దొరికాయి, వెంట ఉన్న జాలరి తాత అదేనన్నాడు. పాప పక్కన తన అరచెయ్యి అచ్చు వేసి ఫోటో తీయించుకుంది. పీతల దగ్గర మా ఆయనే ఎక్కువసేపు కూర్చున్నారు. ఎప్పుడూ నిమిషం కుదురుగా ఉండని మనిషి, గంటన్నర కదల్లేదు.

ఆకు వేశాం. ముందు సముద్రం వైపు పోయింది. పాపకి ఏడుపొక్కటే తక్కువ. తాత నవ్వి "ఇంకా పాటే తల్లీ, ఉండు" అన్నాడు. నలభై నిమిషాలు కూర్చున్నాక నీళ్లు కదలకుండా నిలిచిపోయాయి, అద్దంలా. అప్పుడు ఇంకో ఆకు వేసింది. అది అక్కడే ఒకసారి గుండ్రంగా తిరిగి, మెల్లగా మా వెనక్కి, ఊరి వైపు కదిలింది. "నాగోల్ దాకా పోతుందా?" అనడిగింది.

దివిసీమ వాసి, వనస్థలిపురం:
పోటు అంత దూరం ఎక్కదని చెప్పండి చిట్టితల్లికి. తాబేలు పిల్లల్ని వేసవిలో సముద్రంలోకి వదులుతారు. ఏప్రిల్‌లో నేను ఊరెళ్తున్నాను. వదిలే రోజు తెలియగానే ఇక్కడే రాస్తాను.