హెలికాప్టర్లు ఉండగా పారాచూట్ బెటాలియన్లు ఇంకా ఎందుకు?

సందేహాల శంకరం:
సూటిగానే అడుగుతాను. మన సైన్యం యుద్ధంలో ఒక బెటాలియన్‌ను పారాచూట్లతో దించింది చివరిసారి 1971 డిసెంబర్ 11న, అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) టంగాయిల్ దగ్గర. తర్వాత 1988లో మాల్దీవులకు 50 పారా బ్రిగేడ్ వెళ్లింది గానీ, ఐఎల్-76 విమానాలు హుల్హులే రన్‌వే మీద ఆగాక దిగారు. అంతకుముందు 1961లో గోవాకూ ఇదే బ్రిగేడ్ వెళ్లింది, నేల మీదే. 2016 సర్జికల్ స్ట్రైక్స్‌కి పారా ఎస్ఎఫ్ (స్పెషల్ ఫోర్సెస్) వాళ్లు ఎల్ఓసీ దాటింది కాలినడకన.

మరి ఆగ్రా శిక్షణ స్కూల్లో ఇంతమంది చేత ఎందుకు దూకిస్తున్నాం? ఆర్మీ పారా బెటాలియన్లు, నేవీ మార్కోస్ కమాండోలు, ఎయిర్‌ఫోర్స్ గరుడ్ కమాండోలు, అందరూ ఐదు జంప్‌లు పూర్తి చేసి వింగ్స్ (పారాట్రూపర్ బ్యాడ్జి) కుట్టించుకోవాల్సిందే. స్పెషల్ ఫోర్సెస్‌కి పారాచూట్ ఉండనివ్వండి. మామూలు పారా బెటాలియన్లను మాత్రం హెలికాప్టర్ల మీద వెళ్లే దళాలుగా మార్చేయాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి, దేశభక్తి మీద క్లాసు మాత్రం వద్దు.

పటాలం పిచ్చోడు:
టంగాయిల్‌ని ఒక తేదీ చెప్పి వదిలేస్తే ఎలా అన్నా? మైమెన్‌సింగ్ వైపు నుంచి ఢాకాకి వెనక్కి పోతున్న పాక్ 93వ బ్రిగేడ్ దారిలో పూంగ్లీ వంతెన ఉంది. లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్ను నడిపిన 2 పారా దళం, సుమారు 700 మంది, సాయంత్రం దిగి ఆ వంతెన పట్టుకుంది. 16వ తేదీన ఢాకాలో ముందుగా అడుగుపెట్టిందీ ఆ 2 పారా వాళ్లే. పైగా ఐదు వేల మంది దిగారని పత్రికలు రాసేశాయి. అసలే డీలా పడి ఉన్న ఢాకాలో ఆ వార్త ఎంత పని చేసిందో ఊహించుకోండి. ఆకాశం నిండా గొడుగులు కనపడితే లెక్కపెట్టేవాడు ఎవడు?

సందేహాల శంకరం:
అదే యుద్ధం, రెండు రోజుల ముందు సంగతి చెప్తా. మేఘనా నది మీద అశుగంజ్ వంతెనను పాక్ సైన్యం పేల్చేసింది. డిసెంబర్ 9న లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ తన 4 కోర్ సైనికుల్ని ఎంఐ-4 హెలికాప్టర్లలో అవతలి ఒడ్డుకు దాటించడం మొదలుపెట్టాడు. ఢాకాకి తూర్పు దారి తెరుచుకుంది అక్కడే. తమాషా ఏంటంటే, ఈ సగత్ సింగే గోవా యుద్ధంలో 50 పారా బ్రిగేడ్ కమాండర్. పారాచూట్ బ్రిగేడ్ నడిపిన మనిషే అవసరమొచ్చినప్పుడు హెలికాప్టర్ వైపు చూశాడు.

మాజీ నీలిచొక్కా:
శంకరం గారూ, ఆ కథలో ఇంకో సగం ఉంది. 1961లో బ్రిగేడ్ చేతికొచ్చేనాటికి సగత్ సింగ్ పారాట్రూపర్ కారు. నలభై దాటిన వయసులో, బ్రిగేడియర్ హోదాలో ఉండి జంప్‌లు పూర్తి చేసి వింగ్స్ పెట్టుకున్నారు. తాను దూకని మనిషి దూకేవాళ్లకు ఆర్డర్ వేయకూడదన్నది ఆ యూనిట్లలో పట్టింపు.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో పారాచూట్లు మడతపెట్టే సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆగ్రాలోని పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ ఆర్మీది కాదు, ఎయిర్‌ఫోర్స్‌ది. 1941లో ఢిల్లీలో పుట్టి, చక్లాలా వెళ్లి, దేశం విడిపోయాక ఆగ్రా చేరింది. దూకేది సిపాయి, నేర్పేది ఎయిర్‌ఫోర్స్ జంప్ ఇన్‌స్ట్రక్టర్, ఎక్కేది ఎయిర్‌ఫోర్స్ విమానం. మడతపెట్టిన ప్రతి పారాచూట్‌కీ ఒక లాగ్ కార్డు, దాని మీద మడతపెట్టినవాడి సంతకం. సంతకం ఎవరిదో దూకేవాడు చూడడు, మాకు మాత్రం మర్నాడు దాకా టెన్షనే.

శిక్షణలో ఎక్కువ భాగం నేల మీదే. కాళ్లు జతచేసి, మోకాళ్లు కాస్త వంచి, నేల తగలగానే పక్కకి దొర్లడం ఒళ్లు హూనమయ్యేదాకా చేయిస్తారు. తర్వాత 1250 అడుగుల నుంచి దూకడం. స్టాటిక్ లైన్ అనే తాడు విమానానికి తగిలించి ఉంటుంది కాబట్టి గొడుగు దానంతటదే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే రిజర్వ్ (రెండో) పారాచూట్ లాగాలా వద్దా అని తేల్చుకోవడానికి ఉండేది సెకన్లే. ఐదింటిలో ఒకటి రాత్రి జంప్. చీకట్లో నేల ఎప్పుడు వస్తుందో కనపడదు, చీలమండలు విరిగేది ఎక్కువగా అక్కడే.

ఇక అసలు లెక్క. సి-17 రవాణా విమానంలో 102 మంది పారాట్రూపర్లు పడతారు. టంగాయిల్ అంత దళాన్ని దించాలంటే మనుషులకే ఏడు విమానాలు కావాలి. జీపులు, మోర్టార్లు, మందుగుండు వేరే. మనకున్న సి-17లు మొత్తం 11, అన్నీ ఒకే పూట ఎగిరే స్థితిలో ఉండవు. ఐఎల్-76లు, సి-130జెలు, ఏఎన్-32లు కలుపుకుందామంటే, అదే రోజు లడఖ్‌కి మందుగుండు, రేషన్ ఎవరు మోస్తారు? బ్రిగేడ్ మొత్తాన్ని ఒకేసారి దించుతామంటే నేను నమ్మను. ఒక బెటాలియన్ గ్రూప్‌ని దించగలం. వాదన అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ధోనీ వీరాభిమాని:
2015లో ధోనీ కూడా ఆగ్రాలో ఐదు జంప్‌లు చేశాడుగా. టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యుండి ఊరికే కూర్చోకుండా దూకాడు. అది చాలదా?

సందేహాల శంకరం:
ధోనీ దూకినందుకు నాకూ గౌరవమే తమ్ముడూ. కానీ నువ్వు చెప్పింది నా మాటకే బలం. వింగ్స్ ఒక గౌరవచిహ్నం అయిపోయాయి. తెగువ పరీక్షించడానికి కొండ ఎక్కించొచ్చు, నది ఈదించొచ్చు. దానికి విమానం ఇంధనం తగలేయక్కర్లేదు.

ఆర్కే బీచ్ బుల్లోడు:
మీ ఆర్మీ గొడవలో నేవీని మర్చిపోయారు. సోమాలియా దొంగలు ఎంవీ రూయెన్ అనే ఓడను పట్టుకెళ్లారు. 2024 మార్చి 16న అది మన తీరానికి 2600 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఐఎన్ఎస్ కోల్‌కతా దాన్ని అటకాయించింది. అప్పుడు మార్కోస్‌ను, వాళ్ల రబ్బరు బోట్లతో సహా, సి-17 నుంచి సముద్రంలోకి దించారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. ఇక్కడి నుంచి ఏ హెలికాప్టర్ అంత దూరం పోతుందండీ?

నీళ్లలోకి దూకడం వేరే విద్య. గొడుగు గుడ్డ తడిసి మీద పడితే ఊపిరాడదు, తాళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. నీళ్లు తగలగానే హార్నెస్ విప్పుకోవాలి, మరీ ముందు విప్పితే పైనుంచి రాయిలా పడతాడు. మార్కోస్ స్థావరం ఐఎన్ఎస్ కర్ణ మా విశాఖలోనే. 2025 జనవరిలో బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుంటే ఇద్దరి పారాచూట్లు గాల్లో మెలిపడి సముద్రంలో పడ్డారు. బోటు వెళ్లి తీసుకొచ్చింది, ఇద్దరూ క్షేమం. నేవీకి దూకడం ఎందుకు అనేవాళ్లు ఒకసారి మా ఊరు రండి.

సందేహాల శంకరం:
బుల్లోడు గారూ, మీరు నా తరఫునే వాదిస్తున్నారు! మార్కోస్ స్పెషల్ ఫోర్సెస్ కదా. చిన్న దళం, దూరం పని, పారాచూట్ తప్పదు. ఒప్పుకున్నదే. గరుడ్ సంగతి చెప్పండి. 2004లో వాళ్లను పెట్టింది ఎయిర్‌బేస్‌ల రక్షణకి. కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలాకు అశోకచక్ర వచ్చింది కశ్మీర్‌లోని బాందీపొరాలో నేల మీద, ఆర్మీతో కలిసి పోరాడినందుకు. రన్‌వే కాపలాకి పారాచూట్ ఎందుకు?

మాజీ నీలిచొక్కా:
కాపలా ఒక్కటే వాళ్ల పని కాదండీ. శత్రువు వైపు కూలిన పైలట్‌ని వెనక్కి తేవడం కూడా గరుడ్ బాధ్యతే. పైలట్ ఎక్కడ పడతాడో ముందే అడిగి పడడు కదా.

స్టెతస్కోప్:
ఒక పక్క ఎవరూ ముట్టుకోలేదు. దూకేది తుపాకీ పట్టినవాళ్లే అనుకుంటున్నారా? 1941 అక్టోబర్‌లో కరాచీలో భారతీయుల్లో మొట్టమొదట దూకిన ఇద్దరిలో ఒకరు డాక్టరు, లెఫ్టినెంట్ ఏ.జీ. రంగరాజ్. పదేళ్ల తర్వాత కొరియా యుద్ధంలో 60 పారా ఫీల్డ్ అంబులెన్స్ అనే సైనిక వైద్య యూనిట్‌కి ఆయనే కమాండర్. 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లు దూకినప్పుడు ఆయనతో సహా మనవాళ్లు 12 మంది వాళ్లతో పాటు దూకారు. మహావీర చక్ర ఇచ్చారు.

బ్రిగేడ్ అంటే డాక్టర్లు, ఇంజనీర్లు, సిగ్నల్స్ వాళ్లు, ఫిరంగులవాళ్లు, అందరూ దూకడం వచ్చినవాళ్లే. బెటాలియన్లను మార్చేస్తే వీళ్లంతా ఎక్కడికి పోతారు? స్పెషల్ ఫోర్సెస్ పదిమంది వెంట సర్జన్ వెళ్లడు. 2023లో తుర్కియే భూకంపానికి అన్నీ సర్దుకుని వెంటనే బయల్దేరగలిగింది ఆగ్రాలోని ఆ 60 పారా ఆసుపత్రే.

సందేహాల శంకరం:
వెళ్లింది నిజం. ఎయిర్‌పోర్టులో విమానం దిగి వెళ్లింది.

పటాలం పిచ్చోడు:
హెలికాప్టరే దిక్కు అనేవాళ్లకి రెండు ఊళ్లు గుర్తుచేస్తా. 1987 అక్టోబర్‌లో శ్రీలంకలోని జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో మన ఎంఐ-8లు దిగాయి. ఎల్టీటీఈ కాచుకుని ఉంది. హెలికాప్టర్లు తూట్లు పడి మళ్లీ రాలేకపోయాయి. దిగిన 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో మిగిలింది ఒక్కడు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ రాజధాని కీవ్ పక్కన హోస్తోమెల్ విమానాశ్రయానికి రష్యన్లు హెలికాప్టర్లలోనే వచ్చారు, వెనక రావాల్సిన పెద్ద విమానాలు దిగలేకపోయాయి. ఇక 2003లో ఉత్తర ఇరాక్‌లోని బాషుర్‌లో అమెరికా ఒకే రాత్రి 954 మందిని సి-17ల నుంచి దించింది.

సందేహాల శంకరం:
బాషుర్‌లో కింద ఉన్నది మిత్రులైన కుర్దులు. అయినా బురదలో చెదిరిపోయినవాళ్లంతా ఒకచోట చేరేసరికి తెల్లారిపోయింది. అక్కడ శత్రువు ఉండి ఉంటే? జాఫ్నా విషయానికొస్తే, కాచుకుని ఉన్నవాడి మీద పారాచూట్‌తో దిగితే ఇంకా ఘోరం. హెలికాప్టర్ కనీసం తిరిగిపోగలదు, గొడుగు వెనక్కి పోదు. 1941లో పారాచూట్లతో దిగి గ్రీస్‌లోని క్రీట్ దీవి గెలిచి కూడా అంత నష్టం చూశాక జర్మన్లు అలాంటి పెద్ద డ్రాప్ మళ్లీ చేయలేదు.

సరే, బేరానికి వస్తా. నీలిచొక్కా గారి లెక్క ప్రకారం మనం ఒక బెటాలియన్‌ని మించి దించలేం. అయితే డాక్టర్లు, ఇంజనీర్లతో కలిపి రెండు పారా బెటాలియన్లు ఉంచి మిగతావి మార్చేద్దాం.

మాజీ నీలిచొక్కా:
రెండు సరిపోవండీ. ఒకటి ఎప్పుడూ కశ్మీర్ డ్యూటీలో ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన యూనిట్ మళ్లీ జంప్‌లు చేసి అలవాటులో పడడానికి నెలలు పడుతుంది, ఆగ్రాలో గాలి అనుకూలించాలి, విమానం ఖాళీ దొరకాలి. అంటే ఒకటి డ్యూటీలో, ఒకటి తయారవుతూ, ఒకటి సిద్ధంగా.

సందేహాల శంకరం:
అయితే మూడు. నాలుగోది ఎందుకో ఎవరైనా చెప్పండి.