డ్రాయింగ్ నుంచి మెషిన్ దాకా ఒకటే సాఫ్ట్‌వేర్: చిన్న వర్క్‌షాప్‌కు మంచిదేనా?

ములుగురోడ్డు_వర్క్‌షాప్:
అందరికీ నమస్తే. వరంగల్‌లో మాది చిన్న వర్క్‌షాప్. రెండు లేత్‌లు, ఒక వీఎంసీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్) ఉన్నాయి. ఎక్కువగా రైస్‌మిల్లుల స్పేర్లు చేస్తాం. డ్రాయింగ్ మా అబ్బాయి ఒక సాఫ్ట్‌వేర్‌లో గీస్తాడు. మెషిన్ ప్రోగ్రామ్ బయట ఒకాయన వేరే దాంట్లో చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు. పోయిన నెల ఒక మిల్లుకు బేరింగ్ హౌసింగ్‌లు చేశాం. ముందు 6308 బేరింగ్ అన్నారు, తర్వాత 6208కి మార్చారు. మావాడు డ్రాయింగ్ దిద్దాడు కానీ ప్రోగ్రామ్ పాతదే ఉండిపోయింది. 80 మి.మీ. బోర్ పడాల్సిన చోట 90 పడింది. చిన్నగా పడితే మళ్లీ కోసుకోవచ్చు, పెద్దదైతే ఏం చేస్తాం? నాలుగు కాస్టింగ్‌లు తుక్కులోకి పోయాయి. ఇప్పుడు మావాడు ఆటోడెస్క్ ఫ్యూజన్ తీసుకుందాం, డ్రాయింగ్, ప్రోగ్రామ్ అన్నీ అందులోనే అయిపోతాయి అంటున్నాడు. నెలకో ఏడాదికో కిరాయి కట్టాలి. పనంతా ఒకే దాని చేతిలో పెట్టొచ్చా?

క్యామ్_కరీంనగర్:
తీసుకోండి అన్నా. మీకు జరిగిన నష్టం సరిగ్గా రెండు ఫైళ్ల మధ్యలో జరిగింది. డిజైన్, క్యామ్ (మెషిన్ ప్రోగ్రామ్ తయారుచేసే భాగం) ఒకే ఫైల్‌లో ఉంటే బోర్ కొలత మార్చగానే పాత టూల్‌పాత్ (కోసే పనిముట్టు కదిలే దారి) పక్కన హెచ్చరిక గుర్తు పడుతుంది. మళ్లీ జనరేట్ చేసి, సిమ్యులేషన్ చూసి, పోస్ట్ తీస్తే, అంటే మన మెషిన్ భాషలోకి మారిస్తే, కొత్త జీ-కోడ్ (మెషిన్ చదివే ప్రోగ్రామ్) వస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి: మెషిన్‌లోకి ఎక్కిన పాత ప్రోగ్రామ్ దానంతట అది మారదు. దాన్ని తీసేయడం మన పనే. ఫ్యూజన్‌లో ఉన్న క్యామ్ కొత్తగా అతికించింది కాదు, 2012లో ఆటోడెస్క్ కొన్న హెచ్‌ఎస్‌ఎం‌వర్క్స్ నుంచి వచ్చింది. నేను రోజూ దాని మీదే బతుకుతున్నాను.

సిరిసిల్ల_మగ్గం_మెకానిక్:
నేను ఒప్పుకోను. కిరాయి ఇంట్లో తాళంచెవి ఓనర్ దగ్గరే ఉంటుంది. 2020 అక్టోబర్‌లో ఏమైందో చూడండి. ఫ్యూజన్ ఉచిత పర్సనల్ లైసెన్స్‌లో మార్చుకోదగ్గ ఫైళ్లు 10కే కట్టేశారు, మెషిన్ ర్యాపిడ్ కదలికలు (కోత లేనప్పుడు వేగంగా జరిగేవి) తీసేశారు. స్టెప్ ఫైల్ (వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే త్రీడీ మోడల్) ఎక్స్‌పోర్ట్ కూడా ఆపేస్తామని చెప్పి, జనం గొడవ చేశాకే వెనక్కి తగ్గారు. ఈరోజు ఉచితం వాళ్లకు జరిగింది, రేపు పైసలు కట్టేవాళ్లకు జరగదని ఎవరు చెప్పాలి? మా దగ్గర మరమగ్గాల గేర్లు, క్యామ్ చక్రాలు పదేళ్ల కింద గీసినవి ఇప్పటికీ మళ్లీ మళ్లీ అడుగుతారు. ఒక ఏడాది పని లేక కిరాయి కట్టకపోతే ఆ డ్రాయింగ్‌ల సంగతేంటి?

హనుమకొండ_డిప్లొమా_లెక్చరర్:
ఇక్కడ ఒక పొరపాటు జరగకుండా చెప్తాను. ఆ ఉచిత లైసెన్స్ డబ్బు తీసుకుని చేసే పనికి వాడకూడదు. మా విద్యార్థులకు వచ్చే చదువు లైసెన్స్ కూడా అంతే. అబ్బాయి కాలేజీ లాగిన్‌తో మిల్లు ఆర్డర్లు చేయొద్దు సార్. కిరాయి భారం అనిపిస్తే ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2024 నవంబర్‌లో దాని 1.0 వెర్షన్ వచ్చింది. మోడల్‌లో ముందున్న ఫీచర్ మారిస్తే తర్వాతివి తెగిపోయే పాత బాధ చాలా తగ్గింది. క్యామ్ కూడా అందులోనే ఉంది. ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు, ఫైల్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

క్యామ్_కరీంనగర్:
సార్, ఫ్రీక్యాడ్ మీద నాకూ గౌరవం ఉంది. కానీ పాకెట్ రఫింగ్‌లో (గుంతను ముందు మోటుగా కోయడంలో) ఏదైనా తేడా వస్తే రాత్రి పదింటికి ఎవరిని అడగాలి? ఫ్యూజన్‌కు ఫ్యానక్, సీమెన్స్ లాంటి కంట్రోలర్లకు (మెషిన్‌ను నడిపే కంప్యూటర్లకు) సరిపడే పోస్టులు సిద్ధంగా దొరుకుతాయి. స్పిండిల్ ఎక్కడ దెబ్బతింటుందోనని అంత టెన్షన్ పెట్టుకుని కొత్త పోస్ట్ పరీక్షించడం చిన్న షాపుకు తగదు.

సిరిసిల్ల తమ్ముడు అన్న తాళంచెవి మాట మాత్రం నిజమే. నేను పని అయిన రోజే స్టెప్ ఫైల్, కొలతలతో పీడీఎఫ్, జీ-కోడ్ మూడూ హార్డ్‌డిస్క్‌లో వేస్తాను. జీ-కోడ్ మామూలు టెక్స్ట్, సాఫ్ట్‌వేర్ లేకున్నా మెషిన్ నడుస్తుంది.

సిరిసిల్ల_మగ్గం_మెకానిక్:
అన్నా, స్టెప్‌లో ఆకారం వస్తుంది, అది ఎలా కట్టామో ఆ చరిత్ర రాదు. గేర్ పళ్ల సంఖ్య మార్చమంటే మళ్లీ మొదటి నుంచి గీయాలి. టూల్‌పాత్‌లూ రావు. మీరు దాచుకునేది ఫొటో, మనిషిని కాదు. నా మాట అక్కడే నిలబడి ఉంది.

ములుగురోడ్డు_వర్క్‌షాప్:
ఇద్దరి మాటలూ అబ్బాయికి చదివి వినిపించాను. మిల్లు స్పేర్లలో ఎక్కువ భాగం ఒకసారి చేస్తే కొలతలు మారవు, వాటికి పీడీఎఫ్, జీ-కోడ్ చాలు. హౌసింగ్‌లు మాత్రం పార్టీని బట్టి మారుతూనే ఉంటాయి, దెబ్బ తగిలిందీ అక్కడే. ఆ ఒక్క పనికి ఒక నెల కిరాయి కట్టి చూస్తాం. పాత పుల్లీలు, షాఫ్ట్‌లు ఉన్నచోటే ఉంచుతాం. కరీంనగర్ అన్నా, మాది పాత ఫ్యానక్ కంట్రోలర్, మెమొరీ చాలా తక్కువ. పొడుగాటి ప్రోగ్రామ్ పట్టకపోతే ఎలా ఎక్కిస్తారు?

క్యామ్_కరీంనగర్:
బోరింగ్‌కు క్యాన్డ్ సైకిల్ (కంట్రోలర్‌లో ముందే ఉన్న రెడీమేడ్ కమాండ్) వాడితే నాలుగైదు లైన్లలో అయిపోతుంది. త్రీడీ సర్ఫేస్ పని వస్తేనే ఇబ్బంది, అప్పుడు కేబుల్ పెట్టి డీఎన్‌సీలో, అంటే కంప్యూటర్ నుంచి నేరుగా, కొంచెం కొంచెంగా పంపాలి. కంట్రోలర్ మీద ఉన్న మోడల్ పేరు ఫొటో తీసి పెట్టండి, ఏ పోస్ట్ సరిపోతుందో చూసి చెప్తాను.