సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు: అత్తగారినీ, నా ఒంటినీ చూసుకోవడం ఎలా?

ప్రశ్న: అంబాజీపేట పెద్దకోడలు

మామగారు కాలం చేయడంతో నిరుడు మా ఇంట పండుగ లేదు. కార్తీకంలో సంవత్సరీకం ముగిసింది కనుక ఈసారి మరుదులు, ఆడపడుచులు పిల్లాపాపలతో భోగికి ముందురోజే వస్తామంటున్నారు. వాళ్ళు రావడం నాకు సంతోషమే. అయితే తెల్లవారుజామున కాఫీలతో మొదలై అర్ధరాత్రి అంట్లతో ముగిసే ఆ నాలుగు రోజుల చాకిరీని తలుచుకుంటే ఇప్పటినుంచే నడుము పట్టేస్తోంది; పైగా వచ్చినవాళ్ళతో తీరిగ్గా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన పండుగ ఒక్కటీ నాకు గుర్తు లేదు. అత్తగారి సంగతి ఇంకా దిగులుగా ఉంది. ఎవరైనా పండుగ ఊసెత్తితే ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోతున్నారు. ఆవిడను సందడిలోకి పిలవాలా, ఆవిడ మానాన ఆవిడను వదిలేయాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: రావులపాలెం పెద్దావిడ

అమ్మా, నేనూ భర్తను పోగొట్టుకున్నదాన్నే కనుక అత్తగారి సంగతి ముందు చెబుతాను. ఆ స్థితిలో ఆడదాన్ని బాధపెట్టేది సందడి కాదు, సందడిలో తనకు చోటు లేదన్న అనుమానం. పిల్లలకు భోగిపళ్ళు పోసేటప్పుడు ముత్తయిదువలే పోయాలని ఎవరైనా నసిగితే మీరు పట్టించుకోకుండా, రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూరేకులు, చిల్లర కలిపిన పళ్ళెం ముందుగా ఆవిడ చేతికే ఇవ్వండి. నాయనమ్మ దీవెన తగలని పిల్లలకు ఇంకెవరి దీవెన కావాలి?

ఇక వంటలు. పూతరేకులు, కాజాలు కొనేయండి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు మనకు కూతవేటు దూరంలో దొరుకుతుండగా, ఇంట్లో చేయలేదని నామోషీ పడనక్కరలేదు. అరిసెలు మాత్రం కొనకండి, చుట్టాలు రాకముందే ఒక్కరూ చేసి డబ్బాలకు ఎత్తనూ వద్దు, ఎందుకంటే అది ఒంటిచేతి వంట కాదు. ముందురోజు నానబోసిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి పట్టించాలి. బెల్లం పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండగా చేతికి రావాలి. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఒకరు ఆకు మీద తట్టి నూనెలో వేస్తే మరొకరు చెక్కల మధ్య పెట్టి నూనె ఓడేలా నొక్కాలి. తెడ్డు మీ మరుదులకు అప్పగించండి, ఆ ముద్దను తిప్పడానికి భుజాల్లో బలం కావాలి. పాకం చూసే పని అత్తగారిది. రమ్మని బతిమాలకుండా, వంటింట్లోంచే "పాకం వచ్చిందేమో చూడండి అత్తయ్యా" అని కేకేయండి చాలు. ఆ పొయ్యి దగ్గర నడిచినన్ని కబుర్లు హాలులో సోఫాల మీద నడవవు.

జవాబు: కాకినాడ, విశ్రాంత నర్సు

పై సలహా బాగుంది, కానీ నడుము నొప్పి కబుర్లతో తగ్గదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటన్నరపాటు మీరు గది తలుపు వేసుకుని పడుకుంటారని అందరికీ ముందే చెప్పండి. ఆ సమయంలో టీ ఎవరు పెట్టాలో కూడా మీరే పేరుపెట్టి చెప్పండి, లేకపోతే నిద్రలేపి మరీ అడుగుతారు. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవారు పండుగ పేరుతో వేళ తప్పకూడదు. ఉబ్బసం ఉన్నవారిని భోగిమంట పొగకు ఎదురుగా కూర్చోనివ్వకండి.

అత్తగారి విషయంలో ఒక్కటి గమనించండి. పండుగ మాట వింటే కళ్ళు చెమర్చడం సహజమే. అలాకాక, రెండు వారాలకు మించి తిండి, నిద్ర సరిగా లేకపోయినా, దేనిమీదా ఆసక్తి చూపకపోయినా వైద్యుడికి చూపించండి. ఇంక బతికి ఏం లాభమన్న మాటలు వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబు: నరసాపురం

సంక్రాంతి పెద్దల పండుగ కూడా కదా. ఆ రోజు తర్పణాలు వదిలి, మామగారి ఫొటో ముందు కొత్త బట్టలు పెట్టే ఆచారం మీ ఇంట ఉంటే, ఆ పంచెల చాపు ఎంపిక చేయమని అత్తగారినే అడగండి. ఆయన పేరెత్తితే ఆవిడ ఏడుస్తారని ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని తిరగడం కంటే, ఆయన గురించి హాయిగా చెప్పుకోవడమే నయం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, మీ కోనసీమలో ఆ రోజే 11 ఊళ్ళ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ఊరేగింపు కట్టడాలు, జగ్గన్నతోట తీర్థానికి (జాతరకు) కదులుతాయి. పిల్లలను, మగవాళ్ళను తీర్థానికి పంపేసి, పొద్దున వేసిన గారెలతోనే సరిపెట్టుకుని, మీరూ అత్తగారూ ఇంటిపట్టున ఉండండి. అంత జనంలో ఆవిడను తిప్పడం ఈ ఏడాదికి అనవసరం.

ప్రశ్న అడిగినవారు: అంబాజీపేట పెద్దకోడలు

అందరికీ కృతజ్ఞతలు. పంచెల మాట ఈ పూటే కదిపాను. కాసేపు ఏమీ అనలేదు గానీ, "మీరు తెస్తే సన్నంచువి తెస్తారు, ఆయన కట్టేవారు కాదు, అమలాపురం నేనే వస్తాను" అన్నారు. అంట్లకు ఆ నాలుగు రోజులూ మనిషిని మాట్లాడే పని పెద్ద మరిదికి ఒప్పజెప్పాను. జాబితాలోంచి సున్నుండలు కొట్టేస్తానంటే మాత్రం చిన్న ఆడపడుచు ఒప్పుకోలేదు. అయితే మినప్పప్పు వేయించి, మర పట్టించి నువ్వే తీసుకురా అన్నాను.